గుండ్లకమ్మలో పారే నీరు ఎక్కడిది?

పిల్లలూ! ఆంధ్రదేశం పటం ఒకటి ముందు పెట్టుకోండి. కృష్ణానది ఎక్కడ ఉన్నదో మీలో ఎవరైనా ఇట్టే చూపించగలరు. పెన్నానదిని కూడా చూపించగలరు. ఈ రెంటికీ నడుమ, నల్లమల కొండల్లో పుట్టి ఒంగోలుకు ఈశాన్యంగా బంగాళాఖాతంలో కలిసే సన్నని నీలిగీత ఒకటి కనిపిస్తుంది. అదే గుండ్లకమ్మ. దాని పొడవు 200 కిలోమీటర్ల పైచిలుకు. కృష్ణ పొడవు 1,400 కిలోమీటర్లు. అక్క పక్కన చంటిపిల్లలాగా ఉంటుంది మన గుండ్లకమ్మ.

పరీక్షలో ఈ నదిని గురించి ప్రశ్న రాదు. అందుచేత భూగోళం చెప్పేవారు కూడా దీన్ని ఒక్క వాక్యంలో దాటవేస్తారు. నేను మాత్రం ఉద్యోగం చేసిన రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక చిక్కుప్రశ్న వేసేవాణ్ణి. "నల్లమల మీద వానలు సరిగా పడని ఏడాది కూడా, సాగరు కాలువలు పారే రోజుల్లో అద్దంకి దగ్గర గుండ్లకమ్మలో నీరు కనిపిస్తుంది. ఆ నీరు ఎక్కడ కురిసిన వాన?" అని. "ఊటనీళ్లండీ" అని ఒకడు, "సముద్రం ఎదురుతన్నిందండీ" అని మరొకడు చెప్పేవారు. "కాదర్రా, అది మహారాష్ట్రంలో పడమటి కనుమల మీద కురిసిన వాన" అంటే తరగతి అంతా ఘొల్లున నవ్వేది. అది నవ్వులాట మాట కాదు. ఎలాగో తెలియాలంటే నదితోపాటు పైనుంచి కిందికి రావాలి.

నల్లమల అడవిలో గుండ్లబ్రహ్మేశ్వరం అనే శివక్షేత్రం ఉన్నది. దాని దగ్గర ఈ నది పుడుతుంది. పేరు కూడా అక్కడినుంచే వచ్చింది. కొండల మధ్య వంకలను కలుపుకుంటూ కంభం చేరేసరికి దానికి జంపలేరు అనే మరో ఏరు తోడవుతుంది. సరిగా అక్కడ రెండు కొండలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చి, ఇరుకైన సందు ఒకటి ఏర్పడింది. నీరంతా ఆ సందులోంచే బయటికి పోవాలి.

ఆ సందును చూసి, "దీన్ని మూసేస్తే సరి!" అని అయిదు వందల ఏళ్ల కిందట ఎవరికో తోచింది. కృష్ణదేవరాయలు పెళ్లాడిన గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ ఈ చెరువు కట్టించిందని ఆ ప్రాంతంలో చెబుతారు. కట్ట ఎత్తు 57 అడుగులు. అదంతా మట్టి. నీరు తగిలే వైపు రాళ్లు పరిచారు. రెండు పక్కలా గోడలు కట్టే ఖర్చు లేదు, కొండలే గోడలు. చెరువు నిండితే నీరు సుమారు 7 కిలోమీటర్ల పొడవున, మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. చెరువు అనే మాట దానికి చాలదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారు దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు.

మరొక తమాషా చెప్పనా? ఈ కట్ట కట్టేనాటికి ఇక్కడి పొలాల్లో మిరపకాయ లేదు. అమెరికా ఖండంలో పుట్టిన మిరపను పోర్చుగీసు ఓడలవారు అప్పుడప్పుడే మన పడమటి తీరానికి తెస్తున్నారు. ఈనాడు గుంటూరు పేరు చెబితే మిరపకాయే గుర్తుకు వస్తుంది గాని, కట్ట మోసిన కూలీలు కూటిలోకి నంజుకున్నది మిరపకాయ అయి ఉండదు.

మట్టికట్ట అంత నీటిని అయిదు వందల ఏళ్లు ఎలా ఆపింది? దీనికి చిన్న పరీక్ష ఒకటి చేసి చూడండి. పాత నూనెడబ్బా ఒకటి తీసుకుని, దాని పక్కన పైన ఒకటి, మధ్య ఒకటి, అడుగున ఒకటి చొప్పున మేకుతో మూడు చిల్లులు పొడవండి. (మేకు కొట్టే పని నాన్నగారికి అప్పగించండి.) డబ్బా నిండా నీరు పోయండి. పై చిల్లులోంచి నీరు నీరసంగా కారుతుంది. మధ్యది కాస్త బలంగా వస్తుంది. అడుగుది చివ్వున చిమ్ముతుంది. నీటి లోతు పెరిగిన కొద్దీ దాని తోపుడు పెరుగుతుందన్నమాట. అందుకే ఏ చెరువుకట్ట అయినా పైన బండి పట్టేటంత వెడల్పు ఉంటే, అడుగున దానికి ఎన్నో రెట్లు వెడల్పు ఉంటుంది. పూర్వపు ఒడ్డెరలు ఈ లెక్క పుస్తకంలో చదవలేదు. అయినా తప్పలేదు.

కట్టకు తోడు మరి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి తూము. తూము తలుపు తీసి పొలాలకు నీరు వదులుతారు. రెండోది అలుగు. చెరువు నిండిపోతే మిగులునీరు దానంతట అది అలుగు మీదుగా దొర్లి నదిలోకి పోతుంది. దాన్ని తెరవడానికి ఎవరూ అర్ధరాత్రి లేచి పరుగెత్తనక్కర లేదు. ఈ అలుగు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇప్పుడు పలక తీసుకుని లెక్క చేయండి. కంభం చెరువులోకి నీరు వచ్చే నేల 430 చదరపు మైళ్లని పాత గెజెటీరులో రాశారు. ఒక మైలుకు 5,280 అడుగులు. ఆ నేలంతటి మీదా ఒక్క అంగుళం వాన పడి, చుక్క ఇంకకుండా చెరువులోకి వచ్చిందనుకోండి. ఎన్ని ఘనపుటడుగుల నీరు వస్తుంది? సరిగా చేస్తే 99 కోట్ల 89 లక్షల పైచిలుకు రావాలి. అంటే దాదాపు 100 కోట్లు. వంద కోట్ల ఘనపుటడుగులనే పత్రికల్లో ఒక టి.ఎం.సి. అని రాస్తారు. లీటర్లలో చెబితే 2,832 కోట్లు. పెద్దవాళ్లు టి.ఎం.సి.ల గురించి మాట్లాడుకునేటప్పుడు ఇక మీరూ తల ఆడించవచ్చు. నిజానికి కురిసినదంతా చెరువుకు రాదు. అడవి తాగుతుంది, నేల తాగుతుంది, ఎండ తాగుతుంది. మనకు మిగిలేది కొంతే. వానలు లేని సంవత్సరాల్లో అదీ ఉండదు, అంత చెరువూ నెర్రెలు విచ్చి కనిపిస్తుంది.

కంభం దాటిన తరువాత గుండ్లకమ్మకు వచ్చేవి అలుగు మీద దొర్లిన నీరు, దారిలో కలిసే వాగుల నీరు. నది మార్కాపురం ప్రాంతం మీదుగా ఈశాన్యానికి నడుస్తుంది. మీ తాతలు ఓనమాలు దిద్దిన రాతిపలకలు ఈ మార్కాపురం గనులవే. డోనకొండ దగ్గర చందవరంలో నది ఒడ్డున, గుట్ట మీద, రెండువేల ఏళ్ల నాటి బౌద్ధస్తూపం ఉన్నది. 1970 తరువాత తవ్వకాలు జరిపి దాన్ని బయటికి తీశారు. దారిన పోయే బౌద్ధభిక్షువులు ఆగి ఉండడానికి ఆ చోటు ఎన్నుకున్నారంటే అక్కడ నీరు ఉండి ఉండాలి కదా!

కాని ఈ నది ఏడాది పొడుగునా పారే నది కాదు. వానాకాలంలో ఉరుకుతుంది, వేసవిలో ఇసుక మిగులుతుంది. ఇసుక మిగలడమంటే నీరు లేకపోవడమని అనుకోకండి. గాజుగ్లాసు ఒకటి ఇసుకతో నింపి, దానిలో మెల్లగా నీరు పోసి చూడండి. గ్లాసులో మూడోవంతుకు పైగా నీరు పట్టినా, పైన తడి తప్ప నీరు కనిపించదు. నది ఇసుక అంతే. పైన ఎండి ఉంటుంది, కింద నీరు దాచుకుంటుంది. ఆడవాళ్లు ఇసుకలో మోకాలిలోతు గొయ్యి తీస్తే అద్దంలాంటి నీరు ఊరేది. దాన్ని చెలమ అంటారు. గుడ్డతో వడబోసి బిందె నింపుకుని పోయేవారు. ఇప్పటి పిల్లల్లో చెలమ చూసినవారు తక్కువ. ఇళ్లకోసం ఇసుక లారీల మీద తరలిపోతున్నది. ఇల్లు కట్టుకోవద్దని ఎవరనగలరు? అయితే ఇసుక ఎత్తుకుపోయిన చోట నీరు దాచుకునే గిన్నె కూడా పోతుంది. నది పక్క బావులు కిందికి దిగిపోతాయి. ఎంత ఎత్తవచ్చునో హద్దు ఉండాలి. ఆ హద్దు కాగితం మీద ఉంటే చాలదు.

నది వినుకొండ దక్షిణాన విల్లులాగా వంగి, ఇక ఆగ్నేయంగా అద్దంకి వైపు తిరుగుతుంది. ఇక్కడ మనం కాసేపు గుండ్లకమ్మను వదిలి, ఉత్తరాన ఉన్న కృష్ణ దగ్గరికి పోవాలి. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడ ఉన్నది.

పల్నాటిసీమకు ఉత్తరపుటంచున కృష్ణ పారుతూ ఉన్నది. అంత నది పక్కనే ఉన్నా పల్నాడు దాహంతోనే బతికింది. శ్రీనాథుడంతటివాడు అక్కడి జొన్నకూడునూ, నీటి కరువునూ వేళాకోళం చేస్తూ చాటువులు చెప్పాడని ప్రతీతి. కారణం ఏమిటంటే, కృష్ణ లోతైన లోయలో పారుతుంది, పొలాలు పైన ఉన్నాయి. నీరు పల్లానికి పోతుంది గాని మెట్టకు ఎక్కదు. 1832–33లో వచ్చిన గుంటూరు కరువులో జిల్లా జనాభాలో మూడోవంతుకు తగ్గకుండా చనిపోయారు. ఆ తరువాత విజయవాడ దగ్గర 1855 నాటికి ఆనకట్ట కట్టారు. 1952లో దానికి గండి పడితే, దాని స్థానంలో వచ్చినదే 1957 నాటి ప్రకాశం బ్యారేజి. ఇవి డెల్టా పొలాలకు అన్నం పెట్టాయి. మెట్టపొలాలు మాత్రం ఆకాశం కేసి చూస్తూనే ఉన్నాయి. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కాలు దూరేంత నెర్రెలు పడుతుంది. ఆ నెర్రెల్లో పత్తి, జొన్న వేసి వాన కోసం ఎదురు చూసేవారు.

నీరు మెట్టకు ఎక్కాలంటే నదినే పైకి లేపాలి. నాగార్జునసాగరం చేసిన పని అదే. ముక్త్యాల రాజా వంటివారు దీనికోసం ఊరూరా తిరిగారు, ఢిల్లీ దాకా పోయారు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఈ పన్నెండేళ్లూ వేలాది కూలీలు రాళ్లు మోసి, సున్నపురాయిలా కాక సిమెంటుతో పేర్చి, 124 మీటర్ల ఎత్తున ఆ రాతికట్టడం లేపారు. యంత్రాలు కొన్నే ఉన్నాయి. తట్టలు, కావళ్లు, పలకల మెట్లు, మనిషి భుజాలు, ఎక్కువ పని వీటిదే. నీటిలో మునిగిపోయే లోయలో ఇక్ష్వాకు రాజుల విజయపురి ఉన్నది. పురాతత్వశాఖవారు ముందుగా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయి లెక్కపెట్టి విప్పి, కొండమీదికీ, ఒడ్డున అనుపు దగ్గరికీ చేర్చి మళ్లీ పేర్చారు. ఆనాటి నాగార్జునకొండే ఇప్పుడు నీటి మధ్య ద్వీపం. ఆ లోయలోని పల్లెలవారు కూడా ఇళ్లు విడిచిపోయారు. వారి పేర్లు ఏ మ్యూజియంలోనూ లేవు.

సాగరం నిండితే నీటిమట్టం సముద్రానికి 590 అడుగుల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు దొరికింది గనుక కాలువ మెట్టల మీదుగా పోగలిగింది. కుడికాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టారు. దాని పొడవు 203 కిలోమీటర్లు. నడిచేవాడు కొండ ఎక్కకుండా పక్కనుంచి చుట్టి పోయినట్లు, ఈ కాలువ నేల వాలు చూసుకుంటూ మెల్లగా దిగుతుంది. మాచర్ల, గురజాల, నరసరావుపేట, వినుకొండ ప్రాంతాలను తడిపి, గుండ్లకమ్మను దాటి దర్శి వైపు పోతుంది. అద్దంకి వైపు దాని కొమ్మ ఒకటి చీలుతుంది. నది మీదుగా మరో నది నీరు పోవడం చూస్తే, ఎవరు కిందో ఎవరు పైనో కాసేపు తికమకగా ఉంటుంది!

ఇప్పుడు ప్రశ్నకు జవాబు మీకే తెలిసి ఉండాలి. కాలువనీరు పత్తిచేలకు, మిరపతోటలకు, వరిమడులకు పోతుంది. మొక్క తాగగా మిగిలినది నేలలోకి ఇంకి, మురుగుకాలువల్లోకి ఊరి, వాగుల్లో కలిసి చివరికి గుండ్లకమ్మలోకి దిగుతుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలు దాటి వచ్చిన కృష్ణ నీరు అలా గుండ్లకమ్మలోకి వస్తున్నది. దేవుడు వేసిన పటంలో ఈ దారి లేదు.

కాలువ వచ్చాక అందరి కష్టమూ తీరిందా అంటే, తీరలేదు. బడి కుళాయి దగ్గర వరస కట్టిన పిల్లలను తలచుకోండి. ముందున్నవాడు గ్లాసుకు రెండు గ్లాసులు పడితే చివరివాడి వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తారు. 203 కిలోమీటర్ల కాలువలో చివరివాడు దర్శి, అద్దంకి ప్రాంతపు రైతు. కాలువ మొదట వరి వేసినవాడు మడి నిండా నీరు పెడతాడు. చివరన మిరపతోట వేసినవాడికి సరిగా కాయ పట్టే వేళకు కాలువ అడుగు కనిపిస్తుంది. మిరపకు మోకాలిలోతు నీరు అక్కరలేదు, అంత పెడితే వేరు కుళ్లుతుంది. దానికి కావలసింది వేళకు ఒక తడి. ఆ ఒక్క తడి కోసం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని, ఈ రోజుల్లో అయితే టార్చిలైటు పట్టుకుని, కాలువగట్టు మీద కాపలా కాసే రైతులు ఉన్నారు.

ఇక నది దగ్గరికి తిరిగి వద్దాం. అద్దంకి చిన్న ఊరేమీ కాదు. 848లో పండరంగడు అనే సేనాపతి వేయించిన పద్యశాసనం ఇక్కడిదే. తెలుగులో దొరికిన తొలి పద్యశాసనాల్లో అది ఒకటి. తరువాత రెడ్డిరాజులు కొండవీటికి పోకముందు అద్దంకినుంచే ఏలారు. అద్దంకి దిగువన గుండ్లకమ్మ ఒడ్లలోనూ, దానికి దక్షిణాననూ ఉన్న పచ్చికబయళ్లలో పెరిగినవే ఒంగోలు గిత్తలు. పందొమ్మిదో శతాబ్దంలోనే వాటిని ఓడల మీద బ్రెజిలు దేశం తీసుకుపోయారు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది గనుక అక్కడ వాటికి "నెలోర్" అని పేరు పడింది. ఈనాడు బ్రెజిలు పశువుల్లో ఎక్కువ భాగం ఆ జాతివే. ఒంగోలు 1904లో గుంటూరు జిల్లాకు మారింది, 1970లో తానే జిల్లా కేంద్రం అయింది. ఊరు కదలకపోయినా జిల్లాలు కదులుతూ ఉంటాయి.

నది సముద్రానికి చేరబోయే ముందు, మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర మరొక కట్టడం వచ్చింది. అది కందుల ఓబుల రెడ్డి గుండ్లకమ్మ జలాశయం. 2008 నవంబరులో దాన్ని ప్రారంభించారు. నిండితే 3.859 టి.ఎం.సి.ల నీరు పడుతుంది. సుమారు 80 వేల ఎకరాలకు సాగునీరు, ఒంగోలు పట్టణానికి తాగునీరు ఇవ్వాలని దీని ఉద్దేశం. వాననీరూ, పై పొలాల్లోంచి ఊరిన సాగరు నీరూ సముద్రంలోకి పోకుండా ఇక్కడ ఒకసారి ఆగుతాయి.

ఇది కంభం వంటిది కాదు. ఇక్కడ రెండు కొండల సందు లేదు, అంతా మైదానం. మైదానంలో కదలని గోడ కట్టి అలుగు పెడితే, పెద్ద వరద వచ్చినప్పుడు నీరు వెనక్కి ఎగదన్ని పై ఊళ్లను ముంచుతుంది. అందుచేత ఉక్కు గేట్లు పెట్టవలసి వచ్చింది. వరద వస్తే లేపుతారు, పోతే దించుతారు. గేటు అనేది మంచి నౌకరు. కాని చూసుకోవాలి. ఉక్కుకు నీరూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. సముద్రపు గాలి అయితే మరీ త్వరగా పడుతుంది. గేటుకు రంగు వేయాలి, తాళ్లకు గ్రీజు పెట్టాలి, అంచున ఉండే రబ్బరుపట్టీలు అరిగితే మార్చాలి.

2022 ఆగస్టు 31 రాత్రి ఈ జలాశయం మూడో గేటు కొట్టుకుపోయింది. ఆ ఖాళీలోంచి నీరు రోజుల తరబడి సముద్రంలోకి పోయింది. డబ్బా పరీక్ష చేశారు కదా, చిల్లు ఎంత లోతున ఉంటే నీరు అంత జోరుగా పోతుందో, ఎంతదాకా ఖాళీ అవుతుందో మీరు చూశారు. నీటితోపాటు చేపలూ పోతాయి, బెస్తవాళ్ల బతుకుతెరువు పోతుంది. మరుసటి ఏడు, 2023 డిసెంబరులో, తుపాను వానలు వెలిసిన కొద్దిరోజులకే మరో గేటు పోయింది. ఎంతో ఎదురుచూసి పట్టుకున్న నీరు రెండుసార్లు చేజారింది.

ఇది ఒక్క గుండ్లకమ్మకే పట్టిన పీడ కూడా కాదు. 2021 ఆగస్టులో కృష్ణ మీద పులిచింతలలో 16వ గేటు పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. అప్పుడు గేట్ల పనిలో జీవితం గడిపిన కన్నయ్యనాయుడు అనే పెద్దాయన వచ్చి, ఆ పోటెత్తే నీటిలోనే ఉక్కుపలకలు ఒకదానిమీద ఒకటి దింపించి, వారం రోజుల్లో దారి మూయించారు. దుకాణం తలుపుచెక్కలు గాడిలో ఒక్కొక్కటే దించి మూసినట్లన్నమాట. ఆయన ఉద్యోగం వదిలి ఎన్నో ఏళ్లయింది. అయినా కబురు పెట్టింది ఆయనకే. ఈ విద్య తెలిసినవారు ఎంత తక్కువగా ఉన్నారో చూడండి. మీలో ఎవరికైనా ఇంజనీరు కావాలని ఉంటే, కొత్త ఆనకట్టలు కట్టే పనికన్న ఉన్న గేట్లు కాపాడే పని ముందుముందు ఎక్కువగా ఉంటుందని నా అంచనా.

కంభం వంటి పాతచెరువు దగ్గర నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఎవరి పొలానికి ఎంత నీరో పంచడం, కట్టమీద ఎలుకబొరియ కనిపించినా ఊరికి చెప్పడం అతని పని. పంట రాగానే కళ్లంలో అతని వాటా గింజలు అతనికి కొలిచేవారు. అతనికి పంట పండితేనే గింజలు. అందుచేత బొరియ సంగతి అతను మరచిపోయేవాడు కాదు.

పూడిక సంగతి కూడా చెప్పాలి. నీటితోపాటు బురద వస్తుంది, నీరు ఆగితే బురద అడుగున కూర్చుంటుంది. నాగార్జునసాగరం కట్టినప్పుడు 408 టి.ఎం.సి.లు పట్టేది. తరువాత కొలిస్తే 312కు దిగింది. ఆ తేడా 96 టి.ఎం.సి.లు. మల్లవరం వంటి జలాశయాలు దాదాపు పాతిక పట్టే చోటును బురద ఆక్రమించుకున్నదన్నమాట. అంత లోతునుంచి దాన్ని తోడిపోయడం అయ్యే పని కాదు. చిన్నచెరువులకు మాత్రం ఈ బాధ లేదు. వేసవిలో ఎండిన చెరువుల్లోంచి రైతులే బండ్లతో మట్టి తోలుకునేవారు. పొలానికి ఎరువు, చెరువుకు లోతు.

మల్లవరం దాటాక నదికి మిగిలిన దారి కొద్దిదే. చెన్నైనుంచి విజయవాడ వచ్చే రైలు ఒంగోలు దాటిన కాసేపటికి దాని మీదుగా వస్తుంది. కిటికీ పక్కన కూర్చుంటే చూడండి. పైనుంచి నీరు రాని నెలల్లో సముద్రపు పోటు నదిలోకి ఎక్కుతుంది, ఒడ్డుబావుల నీరు ఉప్పన అవుతుంది. నదీజలం సముద్రంలోకి పోతే అంతా దండగ అని పెద్దవాళ్లు అంటూ ఉంటారు. ఆ చివరి ఊళ్లవారు మాత్రం ఆ మాట అనరు.

గుండ్లకమ్మ కథలో మరొక అధ్యాయం తయారవుతున్నది. అది మళ్లీ నది తలాపున, మార్కాపురం వైపు. సాగరు కాలువ ఎంత వంకర తిరిగినా ఆ పడమటి పల్లెలకు ఎక్కలేదు. అక్కడ బోరు ఎంత లోతు వేస్తే నీటిలో ఫ్లోరైడు అంత ఎక్కువ. ఆ నీరు తాగి పళ్లు పచ్చబడిన పిల్లలనూ, కీళ్లు బిగిసిన పెద్దలనూ కనిగిరి, మార్కాపురం ప్రాంతాల బడుల్లో, ఇళ్లలో చూడవచ్చు. వారికోసం తలపెట్టినదే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయం నీటిని నల్లమల కొండల కిందుగా రెండు సొరంగాల్లో ఇవతలికి తేవాలి. ఒక్కొక్క సొరంగం పొడవు 18.8 కిలోమీటర్లు. తట్టలూ కావళ్లూ కాదు, రాతిని తొలుచుకుంటూ పోయే పెద్ద యంత్రాలతో తవ్వారు. ఇవతలికి వచ్చిన నీటిని ఆపేందుకు ఏం చేశారో చెప్పుకోండి చూద్దాం! సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు చోట్ల కొండల మధ్య సందులు ఉన్నాయి. వాటిని మూసి జలాశయం కట్టడమే ఉపాయం. కంభంలో అయిదు వందల ఏళ్ల కిందట తోచిన ఉపాయమే!

మొదటి సొరంగం తవ్వకం 2021లోనూ, రెండోది 2024లోనూ పూర్తి అయింది. తవ్వకం ముగిసేనాటికి వాటిలో నీరు పారలేదు. జలాశయంలో మునిగే ఊళ్లవారికి ఇళ్లూ పరిహారమూ ఇవ్వడం, కాలువలు పూర్తి చేయడం మిగిలి ఉన్నాయి. ఆ నీరు వచ్చేదాకా వేసవి పొద్దున్నే ట్యాంకరు వచ్చే వేళకు ఆ పల్లెల్లో బిందెలు వరసన పెట్టి ఉంటాయి. బడికి పోవలసిన పిల్లలే వాటి పక్కన కాపలా కూర్చుంటారు.